వేపాకు పెట్టి పంపిన రైళ్ళ ఆట

పీటర్ పోయి ఏడాది దాటినా జ్ఞానసుందరి ఇంటి బేస్‌మెంట్లో నూట అరవై మూడు బోర్డ్ గేములు కదలని చుట్టాల్లా అలాగే కూర్చుని ఉన్నాయి. కొందరు మగవాళ్ళు తాగుతారు, కొందరు షేర్లు కొంటారు; పీటర్ అట్టపెట్టెలు కొన్నాడు. "నాకున్నది ఒక్కటే చిన్న వ్యసనం" అని చర్చిలో అందరితో చెప్పుకునేవాడు. 'చిన్న' అనే మాట దగ్గర జ్ఞానసుందరికి దగ్గు వచ్చేది.

ఆ సెప్టెంబరులో కెనడాలోని కాల్గరీ నిండా స్టూడెంట్లు దిగారు. ఒక్కొక్కరికి రెండేసి సూట్‌కేసులు, చేతిలో ఆఫర్ లెటరు. ఉండటానికి గది మాత్రం లేదు. పైగదిలో అద్దెకుంటున్న కరీంనగర్ పిల్ల సాత్విక ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి నసిగింది.

"ఆంటీ, నా ఫ్రెండ్స్ ఇద్దరున్నరు. ఎవరింట్లనో హాల్ల కార్పెట్ మీద పండుతున్నరు, మూడు వారాలాయె. మన బేస్‌మెంట్..."

"బేస్‌మెంట్లో మీ అంకుల్ ఉన్నారమ్మా," అంది జ్ఞానసుందరి. అన్నాక ఆ మాటకి తనే ఉలిక్కిపడి, "అదే, ఆయన డబ్బాలు," అని సర్దుకుంది.

రెండు రోజులు ఆ ప్రసక్తి ఎత్తలేదు. మూడోరోజు పొద్దున ఉప్మాకి తిరగమోత పెడుతూ, "ఆ పిల్లల్ని రమ్మను. డబ్బాలు అమ్మేద్దాం," అంది.

పని పంచుకున్నారు. ఫొటోలు తీసి నెట్‌లో పెట్టడం సాత్విక వంతు. ముక్కలు లెక్కపెట్టడం, ప్యాక్ చేయడం జ్ఞానసుందరి వంతు. వాడిన గేము కొనేవాడు మొట్టమొదట అడిగేది ముక్కలన్నీ ఉన్నాయా అనే. కాబట్టి ప్రతి పెట్టె బోర్లించి, కార్డులు, పాచికలు, చెక్కబొమ్మలు కాగితం చూసి సరిచూడాలి. బి.ఎస్సీ.లో స్టాటిస్టిక్స్ చదివినందుకు ఇన్నాళ్ళకి, పిసరంత చెక్క ఆవుల్ని లెక్కపెట్టే ఉద్యోగం దొరికిందామెకు.

ప్యాకింగ్ శాస్త్రం సాత్విక నేర్పింది. ముక్కలకి జిప్ కవరు, పెట్టె చుట్టూ బబుల్ ర్యాప్, నాలుగు మూలలకీ అట్ట. మూల నలిగిందంటే కొన్నవాడు ఫొటో తీసి పంపిస్తాడు. అంతా విని, సాత్విక కాఫీ షాపులో షిఫ్టుకి వెళ్ళాక, జ్ఞానసుందరి తన శాస్త్రం కూడా కలిపింది. ఇండియన్ స్టోర్లో దొరికే ఎండు వేపాకు ప్రతి పెట్టెలోనూ గుప్పెడు. బియ్యంలో, పట్టుచీరల్లో, పెళ్ళినాటి బైబిల్లో ఆమె పెట్టేది అదే. ఏ ఇంటికి వెళ్తున్నాయో, అక్కడ ఏ పురుగులున్నాయో ఎవరికి తెలుసు!

సస్కటూన్‌లో ఒకాయన రివ్యూ రాశాడు: ముక్కలన్నీ ఉన్నాయి, ప్యాకింగ్ అద్భుతం, పెట్టెలో ఏదో ఆకు ఉంది, ఎందుకో తెలియదు, ఐదు నక్షత్రాలు. సాత్విక ఆ రివ్యూలో నక్షత్రాలు మాత్రమే చూసింది.

గేములు అమ్ముతున్నారన్న కబురు మెల్‌బోర్న్ దాకా వెళ్ళింది. విశ్వేశ్వరరావు ఫోన్ చేశాడు. ఆయన పీటర్‌కి పదిహేడేళ్ళ శనివారం నేస్తం. నాలుగేళ్ళ క్రితం కూతురి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు.

"చెల్లెమ్మా, ఏది అమ్ముకున్నా అమ్ముకోండి. మా రైళ్ళ ఆట జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది నాకు పంపండి."

"మీ రైళ్ళ గొడవ నా నెత్తినెందుకు? అదే పక్కన పెట్టానన్నయ్యగారూ."

ఆ ఆట మామూలుగానైతే ఏదో యూరప్ మ్యాపు. ఊరి నుంచి ఊరికి పట్టాలు వేసుకుంటూ పోవాలి. నోరు తిరగని ఆ పేర్లతో విసిగిపోయి, పీటర్ ఒక చలికాలమంతా కూర్చుని ప్రతి ఊరి మీదా చిన్న కాగితం ముక్క అంటించి మన పేర్లు రాశాడు. తన సామర్లకోట, విశ్వేశ్వరరావు తుని, ఇంకా బోలెడు. శనివారం మధ్యాహ్నాలు కిందినుంచి కేకలు వినిపించేవి. "తుని మూసేశావురా దుర్మార్గుడా!" "చెయిన్ లాగు, చెయిన్ లాగు!" మెట్ల కింద నిలబడి పీటర్ పిలిచేవాడు: "సుందరీ, ఒక్క ఆట ఆడవే. నీకు అన్నీ నేర్పుతా." "ఈ అంట్లు మీ రైలెక్కి వెళ్ళిపోతాయంటే వస్తా," అనేది ఆవిడ. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ఒక్క ఆటా పడలేదు.

మిగతా గేములు ఎవరింటికి పోయినా ఆమెకి దిగుల్లేదు. ఇది మాత్రం పీటర్‌తో ఆడిన చేతుల్లోకే వెళ్ళాలి. ఆ కాగితాల మీది చేతిరాత ఎవరిదో తెలిసినవాడు భూమ్మీద తను కాక ఆయనొక్కడే మిగిలాడు.

సాత్విక దానికి రెండు పొరల బబుల్ ర్యాప్ చుట్టి టేపు వేసి డ్యూటీకి వెళ్ళింది. ఆస్ట్రేలియా అంటే ఎంత దూరం, ఎంత ఉక్క! జ్ఞానసుందరి టేపు ఊడదీసి, ఈసారి రెండు గుప్పెళ్ళు పెట్టింది.

పోస్టల్ కౌంటరామె కస్టమ్స్ వివరాలు కంప్యూటర్లో కొడుతూ, మొక్కలు, విత్తనాలు, ఆకుల్లాంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగింది. లేవంటే సరిపోయేది. కానీ ఆమె చర్చి డీకన్ గారి కూతురు. పోస్టాఫీసులో అబద్ధమాడి ఆదివారం ప్రభువు బల్ల ఎలా తీసుకుంటుంది? "ఉన్నాయి. వేపాకులు. పురుగు పట్టకుండా," అని ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పింది. కౌంటరామె అదీ కంప్యూటర్లో కొట్టింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం మెల్‌బోర్న్ నుంచి ఫోను. అక్కడ సోమవారం పొద్దున.

"చెల్లెమ్మా, మన బండి ఏ స్టేషన్లో ఆగింది?"

"సిగ్నల్ పడలేదట అన్నయ్యగారూ."

"పీటర్‌గాడి బండి ఎప్పుడు టైముకొచ్చింది గనక!"

ఆరోవారం సాత్విక ఫోన్ పట్టుకుని నెమ్మదిగా వంటింట్లోకి వచ్చింది.

"ఆంటీ, మెయిల్ వచ్చింది. బోర్డర్ల ఆపిన్రట. ప్లాంట్ మెటీరియల్ ఉందట. మొత్తం... డెస్ట్రాయ్ చేసిన్రు."

"ఆకులు తీసేశారా?"

"ఆకులు కాదాంటీ. డబ్బా మొత్తం." సాత్విక మళ్ళీ చదువుకుంది. "గా ఆకులెక్కడియి? నేను ప్యాక్ చేసినప్పుడు లేవు కదా?"

జ్ఞానసుందరి స్టవ్ ఆపింది. "నేనే పెట్టానమ్మా. అడిగితే పెట్టానని కూడా చెప్పాను."

"అయ్యో ఆంటీ..." అంది ఆ పిల్ల.

ఆదివారం ఆయన ఫోను కోసం చూడకుండా తనే చేసింది.

"చెల్లెమ్మా! సింగపూర్ దాటిందా?"

"అన్నయ్యగారూ, బండి రాదండి."

ఏదీ దాచలేదు. ఊడదీసిన టేపు, రెండు గుప్పెళ్ళ ఆకు, కౌంటరు దగ్గర తను చెప్పిన నిజం, అన్నీ వరసగా చెప్పింది.

"పోనిద్దురూ. అట్టముక్కేగా," అన్నాడు. "ఇక్కడా దొరుకుతుంది. ఒకటి కొనుక్కుని పేర్లు నేనే అంటించుకుంటా. పైన ఎడమచేతి మూల సామర్లకోట. దాని పక్కన తుని. ఆ కింద... కింద పిఠాపురమా, అన్నవరమా? మీకు గుర్తుందా చెల్లెమ్మా?"

ఆమెకి తెలియదు. పదిహేడేళ్ళు ప్రతి శనివారం ఆ బోర్డు అంచునే జంతికల పళ్ళెం పెట్టింది, టీ కప్పులు పెట్టింది. మరక పడుతుందేమోనని కప్పునే చూసింది తప్ప ఊళ్ళని చూడలేదు.

"నాకు తెలీదండీ," అంది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "మా పుట్టిల్లు పాలకొల్లు పెట్టారా అన్నయ్యగారూ, దాంట్లో?"

"నేనెంతసేపూ నా తుని చుట్టే కొట్టుకునేవాణ్ణమ్మా. గెలవాలనే యావ. చూసుకోలేదు." మళ్ళీ గబగబా అన్నాడు, "ఉండే ఉంటుంది. వాడు పెట్టకుండా ఉంటాడా?"

"ఉంటుంది లెండి," అంది జ్ఞానసుందరి. మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగింది. ఆయన తగ్గిందన్నాడు. ఇద్దరూ ఫోన్లు పెట్టేశారు.

బోర్డు నాలుగు మడతలుంటుంది. పార్సెల్ కట్టిన రోజు కౌంటరు మూసేస్తారన్న తొందరలో ఆమె మడతలు విప్పలేదు. సందుల్లోకి రెండు వేళ్ళతో ఆకులు దోపి, పైన మూత పెట్టేసింది. చేతిలోనే ఉంది. విప్పి ఊళ్ళు చూడటానికి నిమిషం పట్టేది కాదు.

"ఆంటీ," కిందినుంచి సాత్విక పిలిచింది, "మెల్‌బోర్న్ అంకుల్ ఏమన్నరు? కోపానికొచ్చిన్రా?"

"లేదమ్మా. ఆయనకీ గుర్తులేదట," అంది జ్ఞానసుందరి. అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది.