ఉత్తుత్తి పనికి పాత ఫైలు

అక్క పన్ను రెండో సారికే బాగైపోయింది. ఆ సంగతి తమ్ముడికి తెలుసు, అక్కకి తెలియదు. తెలియకుండా అతనే జాగ్రత్తపడ్డాడు. పళ్ళ డాక్టరు అతనే కాబట్టి పెద్ద కష్టం కాలేదు.

"ఇంకా కాస్త ఉందక్కా. వేరు వంకర. వచ్చే వారం రా."

"అది పన్నా, సొరంగమా? పక్కింటావిడకి రెండు సార్లలో తేల్చేశారట. నీకు చదువు సరిగ్గా అబ్బలేదురా."

"ఆవిడ వేరు నిటారు. నీది నీ బుద్ధిలాగే మెలికలు."

"నోట్లో రబ్బరు గుడ్డ కట్టబోతూ కూడా తిడతావేం, మొద్దు వెధవా!"

ఆ తిట్టు కోసమే అతను వారమంతా బతుకుతున్నాడు. పెళ్ళాం ఎప్పుడో విడిపోయింది. అమ్మ పోయాక అక్కకి ఇటు రావలసిన పని లేకపోయింది. పై గదిలో పడక, కింది గదిలో క్లినిక్. రోజంతా జనమే. కానీ నోరు తెరిచిపెట్టుకున్న జనంతో ఏం మాట్లాడతాం? అందరూ "ఆ" అనేవాళ్ళే. అక్కని ఊరికే రమ్మనొచ్చుగా అంటారా? అనలేడు. తనకి ఒంటరిగా ఉందని చెప్పడానికి సిగ్గు, పన్ను పేరు చెప్పి అబద్ధమాడ్డానికి మాత్రం సిగ్గు లేదు. మగాళ్ళలో ఈ జబ్బు మహా ఎక్కువ.

అందుకని వారంవారం మత్తు సూది వేసి, పంటి మీది సిమెంటు తీసి, శుభ్రంగా ఉన్న వేరులోనే ఫైలు కాసేపు తిప్పి, మందు పెట్టి మూసేవాడు. ఫైలంటే సన్నటి తీగ. మోటారు తిప్పుతుంటే వంకరలో వంగి తిరుగుతుంది. ప్రతి చుట్టుకీ ఒక పక్క సాగుతుంది, ఒక పక్క నలుగుతుంది, అలిసిపోతుంది. ఇంత వంకర వేరులో ఒక్కసారి తిప్పాక పారేయాలి. ఎంతమంది పారేస్తున్నారో ఏ పళ్ళ డాక్టరునైనా నిలదీయండి, నీళ్ళు నములుతాడు. కడిగి, ఆవిరిపెట్టెలో ఉడికించి, మళ్ళీ పెడతారు. ఉడికిస్తే క్రిములు చస్తాయి. అలుపు చావదు.

మిగతావాళ్ళ దగ్గర ఇతను నిక్కచ్చి మనిషే. అక్క దగ్గరే, ఉత్తుత్తి పనికి కొత్త ఫైలు దండగని, మొదటి రోజుదే ఉడికించి ఉడికించి వాడాడు. భూతద్దంలో చూస్తే కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. ఈ లోహంతో వచ్చిన చిక్కే అది. చచ్చేదాకా మొహం మారదు.

ఆ రోజు టిక్కుమంది. లాగితే ఫైలు పొట్టిగా వచ్చింది. కొస వేరులోనే ఉండిపోయింది.

పైన మందు కూరి మూసేస్తే అక్కకి తెలియదు. అలా మూసేసి నవ్వుతూ సాగనంపినవాళ్ళు బోలెడంతమంది. తర్వాత చీము పడితే పన్ను పీకొచ్చు. చెబితే, అక్క రావడం ఇవాళ్టితో సరి.

రబ్బరు గుడ్డ తీశాడు.

"అక్కా, ఫైలు విరిగింది. ముక్క లోపలే ఉంది. తీయడం నా వల్ల కాదు. ఇంకో డాక్టరున్నాడు, ఆయన దగ్గరికి వెళ్ళాలి."

అక్క చెయ్యి బుగ్గ మీదికి పోయింది. "ఎలా విరిగింది?"

"పాతది."

"పాతది నాకెందుకు పెట్టావురా?"

అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "నీ పన్ను ఎప్పుడో బాగైంది. నువ్వు వస్తావని... తిప్పుతున్నాను."

మత్తుకి ఆమె మూతి ఒక పక్కకి జారి ఉంది. తిట్టబోయింది, మాట తిన్నగా రాలేదు. "ప్రతిసారీ సూది పొడిచావు కదరా," అంది. "నాకు భయమని తెలిసి."

అతను ఆమె ఎదుటే ఆ డాక్టరుకి ఫోను చేసి జరిగిందంతా చెప్పాడు.

"తోడొస్తానక్కా."

"వద్దు. నా పన్ను పట్టుకుని వేలాడింది చాలు."

మర్నాడు ఆ డాక్టరు ఫోను చేశాడు. ముక్క వచ్చేసింది, పన్ను దక్కింది. అక్క చెయ్యలేదు. వారం తిరిగింది. ఆమె వచ్చే వేళకి ఎవరినీ పిలవకుండా కుర్చీ ఖాళీగా ఉంచాడు. దాని పక్కన తన స్టూలు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, చివరికి ఫోను తీశాడు.

"ఏం?" అంది అక్క.

"నొప్పుందా?"

"లేదు."

"వాపు?"

"లేదు. శుభ్రంగా నములుతున్నా. ఇంకేం?"

అడగడానికి ఆ పంటిలో ఇంకేం మిగల్లేదు.

"ఏం లేదక్కా. ఇక్కడెవరూ లేరు. అందుకని చేశాను."

అక్క ఫోను పెట్టేయలేదు. అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటూ కూర్చున్నాడు.