ఒక్క తువ్వాలు

నీళ్లగది గడప దగ్గర ఆయమ్మ ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఇప్పుడు అక్కడ కూర్చోవలసిన పనేమీ లేదు. అయినా పదిగంటల వేళకు ఆ మోకాళ్లు వాటంతటవే అక్కడ వంగుతాయి. సబ్బునీళ్లకు పగుళ్లు తేలిన రెండు చేతులూ ఒడిలో ఖాళీగా పడి ఉన్నాయి.

పిల్లలు ఒక్కొక్కరే తడికాళ్లతో బయటికొచ్చి, గోడకున్న కొక్కేల దగ్గరికి పోతున్నారు. పద్దెనిమిది కొక్కేలు, పద్దెనిమిది చిన్న తువ్వాళ్లు. ఒకదాని అంచున చేప, ఒకదాని అంచున గొడుగు. కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక్క ఆదివారంలో కూర్చుని కుట్టేసింది.

ఈ శిశుసంరక్షణ కేంద్రంలో పదహారేళ్లపాటు ఉన్నది ఒక్క తువ్వాలే. నీలిచారలది, దుప్పటంత వెడల్పు. నీళ్లాటయ్యాక ఆయమ్మ ఒక్కొక్కరినీ అందులో చుట్టి, ఒడిలోకి లాక్కుని, తల తుడిచి, చెవుల వెనక తుడిచి, వీపుమీద చిన్నగా ఒకటేసి దించేది. రోజుకు పద్దెనిమిది సార్లు ఆ ఒడి నిండేది. ఇంటికి పోతే తాళం తీసేదీ తనే, దీపం వేసేదీ తనే.

మూడునెలల కింద, వసపిట్టలా వాగుతుందని అందరూ పిచ్చుక అని పిలిచే మూడేళ్ల పిల్లకు చంకలో పొక్కులు లేచాయి. ముత్యాల్లా నున్నగా, నడుమ సూదిమొనంత గుంటతో. వారాలు గడిచేసరికి మరో ఐదుగురికి పాకాయి. పిల్లల డాక్టరు వచ్చి చూశాడు.

"ఇది వైరస్. భయపడాల్సిందేం లేదు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది, దానంతటదే పోతుంది. గిల్లొద్దు, చిదమొద్దు. పొక్కులమీద బట్ట కప్పి ఉంచండి. పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టక్కర్లేదు. తువ్వాలు మాత్రం ఎవరిది వాళ్లకే."

తీగమీద ఆరుతున్న నీలిచారల తువ్వాలును ఆయన చూశాడు. మర్నాడు దాన్ని నాలుగు ముక్కలు చేసి నేల తుడిచే గుడ్డలు చేశారు. ఆ నేల తుడవవలసిందీ ఆయమ్మే. ఆ తర్వాతి వారమే పిల్లల్ని చూసుకోవడానికి కొత్తమ్మాయి చేరింది.

పిచ్చుక తన తువ్వాలు లాక్కుని పీట పక్కనుంచే పరుగెత్తింది.

"ఇలా రావే, నేను తుడుస్తా."

"అక్క తుడుస్తుంది."

"నేను తుడిస్తే తడి ఆరదా ఏం?"

"నువ్వు గరగరా తుడుస్తావు."

కొత్తమ్మాయి నవ్వి పిల్లను ఎత్తుకుంది. అప్పుడే ఆమె చొక్కా చెయ్యి మోచేతి పైకి జారింది. అక్కడ, రోజూ పిచ్చుకను ఆనించుకునే చోటనే, రెండు ముత్యాలు. ఆయమ్మ చూసింది. పిల్ల ఒంటినుంచి వచ్చినవని చూడగానే తెలిసిపోయింది. తెలియగానే ఆమెకు జాలి కలగలేదు. తనకు రానివి కొత్తమ్మాయికి ఎందుకు రావాలన్న అర్థంలేని కడుపుమంట రేగింది.

మధ్యాహ్నం గేటు దగ్గర, ముందుగా పిల్లవాణ్ని తీసుకుపోవడానికొచ్చిన తల్లి ఆగింది.

"ఆ పొక్కులు తగ్గాయా ఆయమ్మా? ఇంకెవరికైనా వచ్చాయా?"

"మాకేం తెలుస్తుందమ్మా, నీళ్లు పోసేవాళ్లం. ఆ అమ్మాయి చేతిమీదా ఉన్నాయి మరి."

"కొత్తమ్మాయికా? వచ్చినప్పటినుంచీ ఉన్నాయేంటి?"

ఆయమ్మ గేటు గొళ్లెం సరిచేసింది. "నేను ఇవాళే చూశాను."

ఆమె అబద్ధం ఆడలేదు. నిజంలో ముందు జరిగినదాన్ని దాచి వెనక జరిగినదాన్ని చెప్పింది, అంతే. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో నేల తుడుస్తూ ఆలోచించబోయి, గుడ్డమీది నీలిచారలు చూసి మానుకుంది.

మూడు గంటలకల్లా పెద్ద టీచరుకు నాలుగు ఫోన్లు వచ్చాయి. వరండాలో పిచ్చుక గోళ్లు తీస్తున్న కొత్తమ్మాయికి కబురు వెళ్లింది. ఓరగా వేసిన టీచరు గది తలుపులోంచి మాటలు ఆయమ్మకు వినబడుతూనే ఉన్నాయి.

"నీ తప్పు కాదమ్మా, పిల్లలనుంచే అంటుకుందని నాకూ తెలుసు. కానీ తల్లులు వినే స్థితిలో లేరు. నువ్వొచ్చాకే మొదలైందంటున్నారు. కొన్నాళ్లు రాకు."

కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ముగ్గురికీ తెలుసు. ఆయమ్మ నిలబడ్డ చోటునుంచి ఆ తలుపుకు నాలుగడుగులు. కొత్తమ్మాయి రాకముందు తను ఏం చేసేదో, ఒక్క తువ్వాలుతో ఎంతమందిని చుట్టేదో చెప్పడానికి రెండు మాటలు చాలు. ఆమె కాళ్లు కదల్లేదు.

కొత్తమ్మాయి సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఆయమ్మా, పిచ్చుకకి ఎడంచెయ్యి మిగిలిపోయింది. కాస్త మీరు తీసెయ్యండి. గోళ్లుంటే నిద్రలో గీరుకుంటుంది, ఇంకా పాకుతాయి."

ఆయమ్మ తలూపింది. కొత్తమ్మాయి మెట్లు దిగి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.

వరండాలో పిచ్చుక ఎడమచేతి వేళ్లు అయిదూ చాపి అలాగే కూర్చుని ఉంది.

"అక్కేది?"

"వెళ్లింది. ఇటివ్వు, నేను తీస్తాను. గరగరా కాదులే, మెల్లగా."

పిల్ల ఆమె చేతులవంక చూసింది. తన చెయ్యి వీపు వెనక దాచుకుంది.

"అక్క వచ్చాక."

అయిదింటికి తల్లి వచ్చి ఎత్తుకుపోయింది. వరండా ఊడవడానికి చీపురు తెచ్చిన ఆయమ్మ దాన్ని గోడకు ఆనించి, ఉన్నచోటే కూలబడింది. ఎదురుగా పాత వార్తాపత్రిక ముక్కమీద నోరు తెరిచిన నెయిల్ కట్టర్ ఉంది. దాని పక్కన ఒక్క చేతివే, బియ్యపు నూకంత గోళ్ల ముక్కలు అయిదు.