ఏం పాపమో చెప్పిన రాజు

నా రాజు ఎవరికీ నచ్చడం లేదని స్రవంతి ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది.

స్రవంతి కోదాడలో ఉంటుంది. తండాలో పుట్టి డిగ్రీ దాకా చదివిన పిల్ల. యూట్యూబ్‌లో కథలు చదివి వినిపించే చానల్ నడుపుతుంది. నేను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు దగ్గర లారీలు తూచే కాంటా మీద కూర్చుంటాను. హాలియా వడ్లు, పాలకీడు వడ్లు వరుసగా వస్తుంటాయి. ఒక ట్రాక్టర్ దిగి ఇంకొకటి ఎక్కే సందులో ఫోన్‌లో కథ చెప్పి ఆ పిల్లకు పంపుతాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. రాయమంటే చెయ్యి సాగదు, చెప్పమంటే నోరు ఆగదు. నా మాటలను ఆమె సాపు చేసుకుని తన గొంతుతో చదువుతుంది. ఇది ఒక్కటి మాత్రం నా చేత్తోనే రాస్తున్నాను. తప్పులు ఆమే దిద్దుతుంది.

నాది మాయల కథ. ఎగిరే గుర్రం, నాగలోకం, మంత్రాల కత్తి అన్నీ ఉంటాయి. రాజు పేరు చండకేతుడు. కత్తి కోసం తమ్ముణ్ని వెంటబెట్టుకుని నాగలోకానికి వెళ్తాడు. అక్కడ నాగరాజు శాపం పెడితే తమ్ముడు రాయి అయిపోతాడు. తమ్ముడు కత్తి దొంగిలించబోయాడు కాబట్టే శాపం తగిలిందని రాజు ఊరంతా చెప్పుకుంటాడు. ఇక లోకం మీద పడి తిరుగుతూ కనిపించిన ప్రతివాణ్నీ తిడతాడు.

“అంకుల్, మీరు ఏమనుకోవద్దు. మీ రాజు నోరు తెరిస్తే ఎవర్నో ఒకర్ని అంటాడు. గుర్రాన్ని గూడా వదలడు. నాలుగో భాగానికే సగంమంది పోయారు,” అంది స్రవంతి.

రాజంటే అట్లనే ఉంటడన్నాను.

“ఉండనీయండి. కానీ వాడు ఏడిస్తే నాకూ ఏడుపు రావాలి గదా. రావట్లా.”

ఇంకో రెండు భాగాలు చూస్తానని, అప్పటికీ వినేవాళ్లు పెరగకపోతే కథ ఆపేసి వేరేవాళ్లది మొదలుపెడతానని చెప్పింది. మర్యాదగానే చెప్పింది. నాకు మాత్రం గుండెలో రాయి పడ్డట్టయింది. నా భార్య పోయి ఆరేళ్లు. మిల్లులో నాతో మాట్లాడేవాళ్లు బరువెంత అని తప్ప వేరే మాట అడగరు. నేను తర్వాత ఏం చెబుతానా అని ఎదురుచూసేవాళ్లు భూమ్మీద ఉన్నారంటే, ఇంకా వింటున్న, మొహం తెలియని ఆ నాలుగు వందల మందే. కథ ఆగితే వాళ్లూ పోతారు.

అందుకే తర్వాతి భాగంలో రాజును ఒక్క దెబ్బకు మంచివాణ్ని చేసేశాను. కొండగుహలో ముని కాళ్ల మీద పడి “స్వామీ, నేను మహాపాపిని” అంటాడు. ముని తల మీద చెయ్యి పెడతాడు. ఒళ్లంతా వెలుగు. అప్పటి నుంచి రాజు నవ్వుతూనే ఉంటాడు, దానాలు చేస్తాడు, గుర్రాన్ని నాయనా అని పిలుస్తాడు. ఇంతకన్నా ఏం కావాలి?

వారం తిరక్కుండానే ఉన్నవాళ్లలో ఇంకా కొందరు పోయారు. ఒకాయన వీడియో కింద రాశాడట: “తిట్టే రాజే నయం, వీణ్ని అసలు భరించలేం.” స్రవంతి ఆ మాట చదువుతూ నవ్వు ఆపుకోవడం నాకు వినిపించింది.

నేను ఫోన్ పెట్టేసి ఆ నాలుగు వందల మందినీ వరుసబెట్టి తిడుతుంటే సోమమ్మ చీపురు ఆపి నిలబడింది. కాంటా చుట్టూ రాలిన వడ్లు ఊడ్చే మనిషి. ఊడుస్తూ ఉంటుంది కాబట్టి నా కథ అందరికన్నా ముందు ఆమె చెవినే పడుతుంది. మా ఇద్దరిదీ ఒకటే ప్రార్థన మందిరం. మా మందిరంలో ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యం చెప్పుకునే పద్ధతి ఉంది. ఎవరైనా లేచి నిలబడి, నేను పాపిని, చెడ్డగా బతికాను, ప్రభువు నన్ను మార్చాడు అని చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు. ఆ మనిషి కండ్లు తుడుచుకుని కూర్చుంటాడు. నేను ఏడాదికి రెండుసార్లన్నా లేచేవాణ్ని. నా సాక్ష్యానికి ఆడవాళ్లు ఏడ్చేవారు కూడా.

“నీ రాజు అచ్చం నీ లెక్కనే సాక్ష్యం సెప్పిండు బిడ్డా,” అంది సోమమ్మ.

అందులో తప్పేముందన్నాను.

“తప్పేం లేదు. తొమ్మిదేండ్ల సంది ఇంటున్న, పాపిని పాపిని అంటవు. ఏం పాపమో ఎన్నడు సెప్పకపోతివి. పాపిని అనుడు సులువే, అందరం పాపులమే. ఏం జేసిండో, ఎవ్వనికి జేసిండో, వాని పేరు పెట్టి సెప్పమను నీ రాజును. అప్పుడు నేను ఇంట.”

అని మళ్లీ ఊడ్చుకోవడంలో పడింది. నేను తర్వాతి ట్రాక్టర్ తూచాను, ఎంత వచ్చిందో రాయడం మరిచాను. 

దేవుని మీద ఒట్టు, అప్పటిదాకా ఆ కథ ఊరికే కల్పించాననే అనుకున్నాను.

తొమ్మిదేళ్ల కింద నేను, నా తమ్ముడు సంపత్ ఒకే లారీకి డ్రైవర్లం. మిర్యాలగూడలో బియ్యం ఎత్తుకుని వెళ్తూ మధ్యాహ్నం అన్నం తిన్నాక స్టీరింగ్ నేను తీసుకున్నాను. కోదాడ ఇవతల నాకు కునుకు పట్టింది. లారీ రోడ్డు దిగి పొలంలో బోల్తా కొట్టింది. నా కాలు నలిగింది, సంపత్ చెయ్యి విరిగింది. జనం నన్నే ముందు బయటికి లాగారు. పోలీసాయన వచ్చి నడిపిందెవరని అడిగాడు. తమ్ముడు అన్నాను. వాడు స్పృహలో లేడనుకున్నాను. దవాఖానలో వాడు కళ్లు తెరిచేసరికి అంతా కాగితం మీదికి ఎక్కింది. వాడి లైసెన్సు పోయింది. తర్వాత ఏ ఓనరూ వాడికి బండి ఇవ్వలేదు. నేనేమో కుంటుకుంటూ తిరిగి, తమ్ముని వల్ల నా బతుకు పాడైందని అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ సగం నమ్మాను. చండకేతుడు లోకాన్ని ఎందుకు తిడుతున్నాడో నాకు అప్పుడు తెలిసింది. నోరు ఖాళీగా ఉంటే నిజం బయటపడుతుందని వాడి భయం.

పాతది తీసేద్దామని స్రవంతికి చెప్పి, మునిని, వెలుగును వదిలేసి ఆ భాగం మళ్లీ చెప్పాను. చండకేతుడు ప్రజలందరినీ పిలిచి, నాగలోకం నుంచి తెచ్చిన తమ్ముడి రాయి పక్కన నిలబడతాడు. “దొంగతనం చేయబోయింది నేను. శాపం నాకే వచ్చింది. నా తమ్ముడు మణికేతుణ్ని పట్టుకుని దానికి అడ్డం తోశాను. దొంగ అని పేరు కూడా నేనే పెట్టాను,” అంటాడు. ఏడుస్తాడు. కన్నీళ్లు పడి రాయి కరిగి తమ్ముడు మళ్లీ మనిషవుతాడు.

చెప్పడం అయిపోయింది. కానీ పంపడానికి వేలు ఆడలేదు. ముక్కూ మొహం తెలియని వందలమందికి చెప్పి, చెప్పవలసిన ఒక్కడికి చెప్పకపోతే అది మళ్లీ సాక్ష్యమే అవుతుంది. స్రవంతికి శనివారంలోగా పంపాలి. సంపత్ వద్దంటే పంపేది లేదు, కథ అక్కడికి ఖతం. శుక్రవారం పొద్దున సూర్యాపేట బస్సెక్కాను.

సంపత్‌కు సూర్యాపేటలో పంక్చర్ షాపు ఉంది. నేను వెళ్లేసరికి ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. నన్ను చూశాడు, మళ్లీ ట్యూబు చూసుకున్నాడు. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఒక కథ తెచ్చాను, విను అన్నాను.

“కథలు నువ్వు మంచిగనే చెప్తవు. పోలీసాయనకు గూడ మస్తు చెప్పినవ్.”

అయినా పొమ్మనలేదు. కూర్చొమ్మనీ అనలేదు. నిలబడే మొత్తం చెప్పాను. వాడు ట్యూబు తుడిచాడు, గీకాడు, సొల్యూషన్ రాశాడు, అతుకు వేసి సుత్తితో కొట్టాడు. నేను చెప్పడం అయిపోయాక కూడా ఆ అతుకును కొడుతూనే ఉన్నాడు.

“అప్పటికి నేను సోయి తప్పలేదన్నా,” అన్నాడు చివరికి. “నడిపింది తమ్ముడు అని నువ్వు అన్నది విన్న. కాలు నలిగి ఏడుస్తున్నవు, భయపడి అన్నడు, రెండు దినాలు పోతే తనే చెప్తడు అనుకున్న. గా రెండు దినాలే తొమ్మిదేండ్లయినయ్.”

 అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాను. క్షమించమనే మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాటా సాక్ష్యంలో వాడి వాడి అరగదీసిందే అనిపించి మింగేశాను. నడిపింది నేనురా, అబద్ధం చెప్పింది నేనే, నీ పేరు చెడగొట్టింది నేనే అన్నాను.

వాడు సుత్తి పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు, “కథల తమ్ముడు అప్పుడే మనిషైండా?”

రాజు కన్నీళ్లకు కరిగాడన్నాను.

“గది తీసెయ్. గంత జల్ది ఎట్లయితడు? ఈయన ఒక్కపూట ఏడుస్తే ఆయన లేసి కావలించుకోవాల్నా? రాయి రాయిగనే ఉండనీ. ఎత్తుకొని తిరగమను.”

ఎన్ని భాగాలు తిరగాలని అడిగాను.

“నాకేం ఎరుక. మిగిలిందంతా మంచిగనే ఉంది, పంపు.”

అప్పుడే వాడి భార్య ప్రమీల టిఫిన్ డబ్బా తెచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లూ లారీ బోల్తా కొట్టించినోని పెండ్లాం అనే మాట పడ్డ మనిషి. సంపత్ ఆమెకు స్టూలు జరిపాడు.

“కూసో ప్రమీలా. అన్న ఒకటి చెప్తడు.” నా వైపు తిరిగాడు. “మొదటి సంది చెప్పు. రాజు గీజు లేకుండ చెప్పు.”

చెప్పాను. రాజు లేకుండా చెప్పడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఆమె చివరిదాకా విన్నది. డబ్బా అక్కడే పెట్టి వెళ్లిపోయింది. వెళ్లడం ఆమె హక్కు. విని వెళ్లింది, అదే నాకు పెద్ద మేలు.

వచ్చే దారిలో బస్సులోనే ఆ భాగం చివర మార్చి పంపాను. స్రవంతి చదువుతూ రెండుచోట్ల ఆగిందట. పోయినవాళ్లందరూ తిరిగి రాలేదు గానీ కొందరు వచ్చారు, కథ ఆగలేదు. చండకేతుడి నోరు ఇంకా చెడ్డదే, గుర్రాన్ని ఇంకా తిడతాడు. కానీ తిట్టినాక ఆగి, దిగి, గుర్రానికి నీళ్లు పెడతాడు. తమ్ముడి రాయి భుజం మీద ఉంది. దారిలో ఎవరైనా ఏమిటని అడిగితే పేరు పెట్టి చెబుతాడు. అడిగినవాళ్లు కొందరు అన్నం పెడతారు, కొందరు తలుపు వేసుకుంటారు.

ఆ పిల్ల కథ బాగాలేదని మొహం మీద చెప్పకపోతే, సోమమ్మ చీపురు ఆపకపోతే, నేను ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు లేచి నిలబడి పాపిని అంటూ ఉండేవాణ్ని. నేను జన్మలో ఏ మనిషికీ దండం పెట్టినవాణ్ని కాదు. వాళ్లకు పెడతాను.

పదకొండో భాగం వచ్చిన రోజు సంపత్ తనే ఫోన్ చేశాడు. రాయిని ఎండలో దించి రాజు నీడలో పడుకోవడమేంటని గట్టిగానే అడిగాడు. తప్పయింది, వచ్చే భాగంలో నీడకు జరుపుతానన్నాను. సరే అని పెట్టేశాడు.

మా ఇద్దరి మధ్య వేరే మాటలు ఇంకా లేవు. ఈ మాటలు ఉన్నాయి. తమ్ముణ్ని ఎప్పుడు మనిషిని చేయాలో నేను అడగను. వాడే చెబుతాడు.