కొట్టేసినవాళ్ళ బెంచీ

మధ్యాహ్నం ఆఖరి క్లాసులో సగటు గురించి పాఠం చెప్పడమంటే కునికే పిల్లలకి జోలపాట పాడటమే. సగటు మేడం ఏళ్ళ తరబడి ఆ పనే చేస్తోంది. ఆ పేరు పిల్లలు పెట్టిందే. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు ప్రిన్సిపాలు కూడా మొహం మీదే అంటున్నాడు. కోపం తెచ్చుకునే ఓపిక ఆవిడకి ఎప్పుడో అయిపోయింది.

"మేడం, ఇది పరీక్షకి వస్తుందా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"వస్తుంది."

పేజీలు గలగలమని తిరిగి మళ్ళీ సద్దుమణిగాయి.

క్లాసయ్యాక అసలు చాకిరీ మొదలవుతుంది. పక్కనే ఉన్న వైద్య కళాశాలలో పరిశోధన చేసేవాళ్ళంతా అంకెల మూటలు మోసుకుని ఈవిడ గదికే వస్తారు. ఎంత పెద్ద రోగాన్నయినా చూసి బెదరని వాళ్ళు, పట్టిక చూడగానే తలపట్టుకుంటారు.

ఆ గది బయట వరండాలో పొడుగాటి బెంచీ ఒకటుంది. పట్టికలోంచి ఎవరి వరసని కొట్టేస్తే ఆ మనిషి ఉన్నపళంగా వచ్చి దాని మీద కూర్చుంటాడు. ఒకాయన సగం గీసిన గడ్డంతో వచ్చాడు. ఒకావిడ గరిటె పట్టుకునే వచ్చింది. అడిగితే తప్ప నోరు విప్పరు. సాయంత్రం గదికి తాళం పడగానే లేచి ఇళ్ళకి వెళ్ళిపోతారు. "కాళ్ళు కాస్త ఎత్తండి" అంటూ అటెండరు వాళ్ళ కిందనే ఊడ్చుకుంటాడు. మేడం మాత్రం తల దించుకుని దాటి వెళ్తుంది. పలకరిస్తే పని పెరుగుతుందని ఆవిడకి తెలుసు.

ఆ రోజు వచ్చింది మోకాళ్ళ నొప్పుల మాత్ర మీద పరిశోధన చేస్తున్న కుర్ర డాక్టరు. ఆ ఫలితం కోసం మేడం కూడా కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూస్తోంది. ఇంట్లో అక్క ఉంది మరి. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచి, చదివించి, ఆ హడావుడిలో తన పెళ్ళి మాటే మర్చిపోయిన అక్క. మోకాళ్ళు పట్టేసి, ఆస్పత్రికి తప్ప మేడ మీంచి కిందికి దిగడమే మానేసింది. "నాకెందుకే ఇప్పుడు ఇవన్నీ" అంటున్నా వినకుండా మేడం పట్టుబట్టి ఆ పరిశోధనలో చేర్పించింది. లెక్క చూసేది తనే కాబట్టి సిఫారసు బాగుండదని, ఎవరి అక్కో చెప్పకుండా అందరితోపాటే పంపింది.

మాత్ర ఎలా ఉందని అడిగితే "బానే ఉందిలే" అనేది అక్క. ఈమధ్య ఎప్పుడు చూసినా పడుకునే ఉంటోంది, కంచంలో సగం వదిలేస్తోంది. వయసు కదా అని మేడం సరిపెట్టుకుంది. మాత్ర మంచిదని తేలాలి, అక్క మళ్ళీ మెట్లు దిగాలి. ఆవిడకి మిగిలిన ఆశ అదొక్కటే.

"వచ్చేవారం థీసిస్ ఇచ్చెయ్యాలి మేడం," అన్నాడు డాక్టరు. "అందర్నీ కలిపి చూస్తే తేడా తేలట్లేదు. మధ్యలో మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళని తీసేద్దామా?"

ఎందుకు మానేశారో కనుక్కోకుండా ఎవర్నీ తీసెయ్యకూడదని ఆవిడే క్లాసులో గొంతు చించుకుని చెబుతుంది. కానీ నడుం లాగేస్తోంది. పైగా ఫలితం బాగా రావాలని తనకీ ఉంది. పట్టికలో పేర్లుండవు, నంబర్లే. ఒక్కొక్క వరసా కొట్టేసుకుంటూ పోయింది.

మాత్ర భేషుగ్గా పనిచేస్తోందని తేలింది. డాక్టరు మొహం చేటంత అయింది.

"మేడం, బెంచీ చాల్లేదు!" బయట నుంచి అటెండరు కేకేశాడు. "కుర్చీలు తెమ్మంటారా?"

ఆవిడ విసుక్కుంటూ బయటికొచ్చింది. వరండా నిండా జనం. బెంచీ చివర, దుప్పటి కప్పుకుని, చెప్పుల్లేకుండా అక్క కూర్చుని ఉంది.

మేడం గబగబా దగ్గరికెళ్ళింది. "అక్కా! నువ్వేంటి ఇక్కడ?"

"కొట్టేసింది నువ్వేగా," అని అక్క నవ్వబోయింది.

"మాత్ర మానేశావా? నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"అంత పట్టుబట్టి చేర్పించావాయె. చెబితే నొచ్చుకుంటావని ఊరుకున్నా. కడుపులో ఒకటే మంట, తట్టుకోలేకపోయాను."

"నాదీ అదే బాధమ్మా," అన్నాడు పక్కనున్న పెద్దాయన. "నాకు కళ్ళు తిరిగేవి," అంది వెనక నిలబడినావిడ. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకున్నారు. ఇన్నేళ్ళూ ఈ బెంచీ ముందు నుంచే ఇంటికెళ్ళానే అని మేడం సిగ్గుతో చచ్చిపోయింది.

లోపలికెళ్ళి కొట్టేసిన వరసలన్నీ మళ్ళీ చేర్చడం మొదలుపెట్టింది.

"మేడం, నా థీసిస్!" అని డాక్టరు లబలబలాడాడు.

"మాత్ర పడక ఇంతమంది మానేశారని రాయి. నీకు తేలిన ఫలితం అదే."

ఒక్కో వరసా చేరుతుంటే బయట ఒక్కొక్కరే లేచి ఇంటిదారి పట్టారు. చివరికి అక్క మిగిలింది. లేవబోయి, బెంచీ అంచు పట్టుకుని, పక్కకి ఒరిగిపోయింది.

అందరికంటే ముందు డాక్టరే పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కంటిరెప్ప కిందికి లాగి చూశాడు. తెల్లగా పాలిపోయి ఉంది.

"అమ్మా, విరేచనం నల్లగా అవుతోందా?"

"వారం పైనే అయింది నాయనా."

"లోపల రక్తం పోతోంది మేడం. ఇంట్లోనే ఉండిపోయి ఉంటే మనకి దక్కేవారు కాదు. ఇప్పుడు ఫరవాలేదు, రక్తం ఎక్కిద్దాం." అటెండర్ని స్ట్రెచరు కోసం తరిమి, ఆమె నాడి పట్టుకున్నాడు. "ఇంత బాధ పెట్టుకుని ఆస్పత్రికి రావొద్దా అమ్మా?"

"వచ్చానుగా," అంది అక్క నీరసంగా. "మాత్ర మానేశానంటే, సరే అని నంబరు రాసుకుని, నన్ను వెళ్ళమన్నావు."

స్ట్రెచరు రాగానే ఒక కొస డాక్టరు పట్టుకున్నాడు, రెండో కొస మేడం పట్టుకుంది. ఇద్దరూ ఆస్పత్రి వైపు పరుగుతీశారు.