పెట్టెలో లేని కార్డు

నేను ఒక అట్టముక్కను. ఎవరిదో పెళ్లి శుభలేఖను కత్తిరించి హైమవతి టీచర్ నన్ను తయారుచేసింది. నా మూలకు ఆ పసుపు ఇంకా అంటుకునే ఉంది. ముందువైపు ఇంగ్లీషులో ‘పెయిన్’ అని రాసి, ఏడుపు మొహం బొమ్మ వేసింది. వెనకవైపు ‘నామవాచకం, నొప్పి’ అనీ, దాని కింద వాడుక: ‘ఐ హావ్ ఎ పెయిన్ ఇన్ మై లెగ్’ అనీ రాసింది. కాలు తీసేసి చెయ్యి పెట్టుకున్నా, కడుపు పెట్టుకున్నా వాక్యం చెడదు. ఇంత పనికొచ్చేదాన్నని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఏలూరులో ఆ ప్రైవేటు బడిలో తెలుగు మాట వినపడకూడదు. మూడో తరగతి పిల్లలు ఏం కావాలన్నా పెట్టెలోంచి కార్డు తీసి వాక్యం చదవాలి. తెలుగు దొర్లితే గుమ్మం బయట నిలబడాలి. అమ్మ ఒళ్లో తెలుగులో ఏడ్చే పిల్లలు బడిలో మాత్రం ఇంగ్లీషులో ఏడవాలని పెద్దల ముచ్చట. టీచర్‌కు ఇది నచ్చేది కాదు. కానీ వరండాలో హెడ్మాస్టర్ చెప్పుల చప్పుడంటే ఆమెకు గుండెదడ.

ఆ రోజు నేను పెట్టెలో లేను. గట్టిగా ఉన్నానని టీచర్ నన్ను హాజరుపట్టీలో గుర్తుగా పెట్టుకుంది.

బడి మొదలైన కాసేపటికే సుగుణ అనే పిల్ల పొట్ట పట్టుకుని పెట్టె దగ్గరికి వచ్చింది. కార్డులన్నీ రెండుసార్లు తిరగేసింది. “టీచర్...” అని ఆగిపోయింది.

“యూజ్ ది కార్డ్. ఆర్ సిట్ డౌన్” అంది టీచర్.

సుగుణ వెళ్లి కూర్చుంది. నేను జానెడు దూరంలోనే ఉన్నాను. అట్టకు నోరుండదన్న సాకు నాకే రుచించదు. మధ్యాహ్నానికి ఆ పిల్ల బెంచీ మీద ఒరిగిపోయింది. ఆస్పత్రిలో అపెండిక్స్ పగిలిందనీ, పొద్దున్నే తెస్తే ఇంతదాకా వచ్చేది కాదనీ చెప్పారట. సాయంత్రం హాజరుపట్టీ తెరిచిన టీచర్ నన్ను చూసి తల బాదుకుంది.

ఆపరేషన్ అయిన ఐదో రోజున నన్ను సంచిలో వేసుకుని ఆస్పత్రికి వెళ్లింది. సుగుణ తల్లి లేచి కుర్చీ జరిపింది. “పనులు మానుకుని వచ్చారు, అదే పదివేలు టీచరుగారూ” అంది. తప్పు చేసినవాళ్లకు మర్యాద చేస్తే అంతకంటే శిక్ష లేదు.

“ఎలా ఉందమ్మా?” అని టీచర్ అడిగింది.

సుగుణ కళ్లు మూసుకుని మాటలు వెతుక్కుంది. “ఐ... హావ్...”

“వద్దమ్మా. తెలుగులోనే చెప్పు. తప్పంతా నాదే.”

ఆ పిల్ల తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“బయట నించోబెట్టరు కదా టీచర్?”