బట్టతల మీద పోలిగాడు

మా అమ్మాయి లేహుయికి ఐదో నెల రాగానే పెరట్లో పెట్టను పొదగేశాను. మా పింగ్‌తుంగ్ వైపు ఆడపిల్ల పురుడు పోసుకుంటే కోళ్ళు పుట్టింటి నుంచే వెళ్ళాలి. ముదురు అల్లం నువ్వుల నూనెలో వేయించి, బియ్యపు సారా పోసి ఉడికించిన కోడిపులుసు బాలింత నెలంతా తాగాలి. సంతలో కొన్న ఫారం కోళ్ళు పట్టుకెళితే మా వియ్యపురాలు ఏమీ అనదు. ఏమీ అనదు కాబట్టే నాకు భయం.

లేహుయి పుట్టినప్పుడు మా అమ్మ పెంచిన కోడిపిల్లలన్నిటినీ డేగ ఎత్తుకుపోయింది. అమ్మ ఒట్టి అల్లం మూట పట్టుకొచ్చి మా అత్తగారి గడపలో నిలబడిపోయింది. ఎంత రమ్మన్నా లోపలికి రాలేదు. ఆ మొహం నేను చచ్చేదాకా మరవను. నా కూతురి గడపలో నేను అలా నిలబడనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

పిల్లలు గుడ్డులోంచి వచ్చాయో లేదో, డేగ దిగింది. పట్టపగలు, నేను బట్టలు ఆరేస్తుంటే, నా కాళ్ళ దగ్గరి పిల్లను తన్నుకుపోయింది. ఎంత పొగరు! తళతళలాడతాయని పాత సీడీలు వేలాడదీశాను. వాటిలో మొహం చూసుకుని మరీ ఇంకోదాన్ని పట్టుకుపోయింది. గంప కింద మూసి పెడితే పిల్లలు తిండి మానేశాయి.

అప్పుడు మా లాంగన్ పండ్ల చెట్టు మీద పసుల పోలిగాళ్ళ జంట గూడు కట్టింది. పిడికెడు నల్లపిట్ట, చీలిన తోక, గేదె వీపు మీద సవారీ చేసే జాతి. గూటి దగ్గరికి యముడొచ్చినా ఊరుకోరు. డేగ మళ్ళీ వచ్చిన రోజు ఇద్దరూ దాని వీపు మీదెక్కి పొడుస్తుంటే, వెదురు తోపు దాటేదాకా అది వెనక్కి చూడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

చిక్కల్లా మా ఆయనతోనే వచ్చింది. థియమ్‌లాయికి నెత్తిన వెంట్రుక మొలిచి చాలా కాలమైంది. ఒకరోజు చెట్టు కింద నిలబడి గూటి మీదికి వెదురుగడ ఎత్తాడు. పడగొట్టడానికి కాదట, ఊరికే బెదిరించడానికట. నేను చెయ్యి పట్టుకుని ఆపాను గానీ, పోలిగాడు మొహం గుర్తుపెట్టుకున్నాడు. అప్పటి నుంచి నా జోలికి రారు. ఆయన పెరట్లో కాలు పెడితే చాలు, నెత్తి మీద టకటకా పడుతుంది.

"కోడిపిల్లల కోసం మొగుడి బుర్ర బలిపెడతావుటే?" అన్నాడు.

"బుర్ర మానుతుంది. పోయిన కోడి వస్తుందా?" అన్నాను.

ఇక లాభం లేదని నేను పొలంలో పెట్టుకునే టోపీ తీసుకున్నాడు. దాని చుట్టూ పూలగుడ్డ కుట్టి ఉంటుంది, కట్టుకుంటే కళ్ళు తప్ప ఏమీ కనపడవు. పోలిగాళ్ళు మోసపోయారు. పక్కింటి బున్‌హియొంగ్ కూడా మోసపోయి, గోడ మీంచి చూసి, వదినా, ఈ మధ్య కాస్త ఒళ్ళు చేశావే అన్నాడట. ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు.

ముసురు పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం ఈదురుగాలి కొట్టింది. గూడు ఒక పక్కకు ఒరిగి, పోలిగాడి పిల్ల ఒకటి కింద పడింది. పిల్లలు పోతే వీళ్ళు చెట్టు విడిచిపోతారు. నా కోడిపిల్లలేమో ఇంకా డేగ మోయగలిగినంతే ఉన్నాయి. ఏం చేయాలో తోచక గుమ్మంలో నిలబడి ఏడ్చాను. కళ్ళ ముందు మా అమ్మ చేతిలోని అల్లం మూటే.

కళ్ళు తుడుచుకుని చూస్తే మా ఆయన నా టోపీ కట్టుకుని చెట్టుకు నిచ్చెన వేస్తున్నాడు. సందు చూసి గూడు పీకేస్తున్నాడని ఒళ్ళు మండిపోయింది.

"దాన్ని ముట్టుకున్నావంటే ఈ ఇంట్లో నీకు కూడు లేదు" అని అరిచాను.

కింద పడ్డ పిల్లను చొక్కాలో వేసుకుని, తాడు పళ్ళ మధ్య కరుచుకుని ఎక్కాడు. కొమ్మల్లో పూలగుడ్డ కళ్ళకు అడ్డం పడింది. టోపీ పీకి కిందికి విసిరాడు.

పోలిగాళ్ళు మొహం గుర్తుపట్టారు. ఇద్దరూ చెరోవైపు నుంచి దిగారు. ఆయన రెండు చేతులూ గూడును కొమ్మకు కట్టే పనిలో ఉన్నాయి, తల కాచుకోవడానికి మూడో చెయ్యి లేదు. పిల్లను గూట్లో పెట్టి దిగేసరికి చెవుల మీదుగా నెత్తురు కారుతోంది.

"కళ్ళు మూసుకుని కట్టా. గట్టిగానే ఉంటుందిలే" అన్నాడు.

గాట్లకు మందు రాశాను. ఆ పూట పెద్ద చేపముక్క ఆయన గిన్నెలోనే వేశాను.

గూడు నిలిచింది. పోలిగాడి పిల్లలు ఎగిరిపోయే నాటికి నా కోళ్ళు డేగ మోయలేనంత అయ్యాయి.

లేహుయికి ఆడపిల్ల పుట్టింది. కోళ్ళను గంపల్లో వేసుకుని వెళ్ళాం. వియ్యపురాలి గడప దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. వెనక నుంచి మా ఆయన గంపతో పొడిచాడు, నడవ్వే, బరువుగా ఉందని. లోపల వియ్యపురాలు ఒక కోడిని చేత్తో ఎత్తి చూసి, ఇంత బరువు కోళ్ళు ఈ మధ్య చూడలేదంది. ఆ మాట ఇప్పటికీ నెమరేసుకుంటున్నాను.

పులుసు ఉడికింది. తండ్రి నెత్తి మీది గాట్లు చూసి లేహుయి సంగతి అడిగింది. చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"తల ఇచ్చుకున్నానమ్మా, ఒక కాలైనా రాదా నాకు?" అన్నాడాయన.

కోడికాలు తీసి తండ్రి గిన్నెలో వేసింది. తర్వాత తన కోసం పోసుకున్న పులుసు గిన్నె నా ముందుకు జరిపింది.

"ముందు నువ్వు తాగమ్మా. అమ్మమ్మ పంపిందనుకో."

రెండు చేతులతో గిన్నె అందుకున్నాను. సారా ఘాటు కళ్ళలోకి కొట్టిందని చెప్పి, అడుగుదాకా తాగేశాను.