మొద్దు మీద పొరలు

"ఆకుల కంపు నా ఇంట్లో వద్దన్నానా, లేదా?" కొడుకు మూడోసారి అరిచాడు.

"కంపు మీ కొట్టుదండీ, నా డబ్బాది కాదు," అంది కోడలు, స్టీలు డబ్బాను ఒళ్లోంచి దించకుండానే.

ముందు గదిలో మాంసం కొట్టు, వెనక ఇల్లు. కోడలిది జంతువును చంపకుండా, కణాల నుంచి మాంసం పెంచే ల్యాబులో ఉద్యోగం. ఆకు రసం కలిపిన జిగురును సూదిలోంచి లాగి, వెంట్రుకలో వందో వంతు మందం కూడా లేని పోగులతో పొర పరుస్తారట. ఆ రసం ఉంటే కండ కణాలు పొరను గట్టిగా పట్టుకుని పెరుగుతాయట. మొదట్లో అడ్డదిడ్డంగా పెరిగేవి. "కండకు పోగు ఒకే వైపుంటుందే అమ్మాయ్! మీ సార్లకు ఆ మాత్రం తెలీదూ?" అంది నలభై ఏళ్లు కత్తి పట్టిన అత్తగారు. అప్పట్నుంచీ పోగులు ఒకే వైపు పరుస్తున్నారు. రేపు తెల్లవారుజాము బండికి ఆ పొరల్ని వేరే ఊరికి పరీక్షకు పట్టుకెళ్లాలి.

"పెళ్లామే నా కొట్టు మూయిస్తుందని బజారంతా నవ్వుతోంది!" కొడుకు డబ్బా లాక్కెళ్లి మాంసం కొట్టే మొద్దు మీద పెట్టాడు. అడ్డం వచ్చిన కోడల్ని చెంప మీద కొడితే పెదవి చిట్లింది. ఉమ్మేసి, మళ్లీ వచ్చి డబ్బా మీద చెయ్యేసింది. కత్తి లేచింది.

"ఒరేయ్!" అని అత్తగారు అరిచేలోపే దిగింది. డబ్బా మూత ఎగిరిపోయింది. రెండు వేళ్ల కొసలు మొద్దు మీద పడ్డాయి. మనవరాలు గుమ్మంలో కొయ్యబారిపోయింది.

అత్తగారు చేతికందిన తెల్లటి గుడ్డను గాయానికి చుట్టి బిగించింది. రక్తానికి అది కరుచుకుపోయాక గానీ, గుడ్డ కాదని తెలియలేదు.

"అయ్యో, నీ పొరే చుట్టేశానే!"

"అడుగువి బాగానే ఉన్నాయి. ముందు మూత పెట్టండత్తయ్యా," అంది కోడలు పళ్లు బిగించి.

"పెళ్లాం ఎదురు చెబితే ఒకటి తగిలించాలిరా," అని ఒకప్పుడు తన మొగుడు ఈ కొడుక్కి నేర్పుతుంటే నవ్వి ఊరుకుంది అత్తగారు. ఆ నవ్వు గుర్తొచ్చి, కొడుకు చేతిలోంచి కత్తి లాక్కుంది.

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి పొద్దు గూకింది. అందర్నీ కూర్చోబెట్టి, అత్తగారు తను నిలబడే చెప్పింది.

"అక్కడ అడిగినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఇల్లూ కొట్టూ నావి. వీడు ఈ పూటే వెళ్లిపోతాడు. తెల్లవారుజాము బండికి డబ్బా నేను పట్టుకెళ్తాను."